కేన్సర్ రోగికి మాయ కళ్లజోడు: కాలక్షేపమేనా?

పసివాడి కాలిలో ముల్లు విరిగింది. అవ్వ పిన్నీసు తీసింది. వాడు ఏడుపు లంకించుకోబోతుండగా "అదుగో, గోడ మీద కోతి! తోక చూడు నాయనా, ఎంత పొడుగుందో!" అంది. వాడు గోడ వైపు తిరిగి కోతిని వెతికేలోగా ముల్లు బయటికి వచ్చేసింది. ఈ విద్య తెలియని ఇల్లు పల్లెల్లో ఉండదు. అయినా దీన్ని ఎవరూ వైద్యం అనరు. ముల్లు తీయడం వైద్యం, కోతిని చూపడం మాటకారితనం. అంతే.

అమెరికాలో కొందరు డాక్టర్లు, నర్సులు, మనస్తత్వ శాస్త్రవేత్తలు పాతికేళ్లకు పైగా ఈ "అదుగో కోతి" మీదనే పరిశోధనలు చేస్తున్నారు. వారి చేతిలో కోతికి బదులు ఒక కళ్లజోడు ఉంది. వర్చువల్ రియాలిటీ అని దాని పేరు, పొట్టిగా వి.ఆర్. అంటారు. కేన్సర్ రోగికి మందు ఎక్కించేటప్పుడు, సూది గుచ్చేటప్పుడు దాన్ని తలకు తగిలిస్తే భయం తగ్గుతుందా, బాధ తగ్గుతుందా అన్నది వారి ప్రశ్న. కేన్సర్ ఆసుపత్రికి వెళ్లే దారి జిల్లాలో చాలా కుటుంబాలకు తెలుసు. వేలూరు బస్సులోనో, తిరుపతి బస్సులోనో, బెంగళూరు బస్సులోనో చేతిలో పెద్ద ఫిలిం కవరు పట్టుకుని కూర్చున్న మనిషిని చూడనివారు అరుదు. కాబట్టి ఈ కళ్లజోడు సంగతి పట్నంవారికే వదిలేయదగినది కాదు.

జాతరల్లో వెనకటికి బయస్కోపు పెట్టెలు వచ్చేవి. గుండ్రటి కంతకు కన్ను ఆనిస్తే లోపల కాశీ, బొంబాయి, తాజమహలు. కన్ను తీస్తే మళ్లీ జాతర దుమ్ము. ఈ కళ్లజోడు ఆ పెట్టెకు మనుమడి వంటిది. అయితే ఒక తేడా ఉంది. బయస్కోపులో తల తిప్పితే బొమ్మ పోయేది. ఇందులో తల ఎటు తిప్పితే అటు వైపు బొమ్మ ఉంటుంది. పైకి చూస్తే ఆకాశం, కిందికి చూస్తే నేల, వెనక్కి తిరిగితే వెనకనున్న చెట్టు. చెవులకు చప్పుడు కూడా అక్కడిదే. కాసేపటికి మనిషి తాను ఆసుపత్రి కుర్చీలో ఉన్న సంగతి మరిచి, ఆ చోటనే ఉన్నాననుకుంటాడు. మాయ అంతా అక్కడే.

మంచు లోకం

ఈ పని కేన్సర్‌తో మొదలు కాలేదు. కాలిన గాయాలతో పేరుకెక్కింది. అమెరికా వాయవ్య మూలనున్న సియాటిల్ నగరంలో హార్బర్‌వ్యూ అనే ఆసుపత్రి ఉంది. కాలిన గాయాల వైద్యానికి పెట్టింది పేరు. స్టవ్వు పేలో, చీర అంటుకునో కాలినవారిని చూసినవారికి ఆ బాధ వేరే చెప్పనక్కర లేదు. కాలినప్పటికంటే రోజూ కట్టు విప్పి పుండు కడిగేటప్పుడు ఎక్కువ బాధ. మార్ఫిన్ ఇచ్చినా ఆ కాసేపు కేకలు ఆగవు.

అక్కడి వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ 1990ల రెండో సగంలో ఆ రోగులకు ఇటువంటి కళ్లజోడు పెట్టి చూశారు. వారికోసమే 'స్నో వరల్డ్' అని ఒక ఆట తయారయింది. మంచు లోకం అన్నమాట. రోగి మంచు లోయలోంచి సాగిపోతుంటాడు. అటూ ఇటూ మంచు మనుషులు, పెంగ్విన్ పక్షులు. వాటి మీదికి మంచు ఉండలు విసరడమే ఆట. నిప్పుతో కాలినవాడికి మంచును చూపాలన్న ఆలోచన ఏ శాస్త్రవేత్తకు వచ్చిందో గానీ, ఒంటికి పేను కొరికినట్టు మంట పుట్టినప్పుడు చల్లటి మాట చెప్పే అవ్వ ఆలోచన లాగే ఉంది. ఒక పక్క నర్సు పుండు కడుగుతుంటే, మరో పక్క రోగి మంచు ఉండలు విసురుతుంటాడు. కట్టు మార్చిన తర్వాత అడిగితే, కళ్లజోడు లేనప్పటికంటే బాధ బాగా తగ్గిందన్నారు. కట్టు కట్టేటంతసేపూ బాధ గురించి ఆలోచించిన సమయం కూడా తగ్గిందన్నారు.

రోగి మాట మర్యాదకు చెప్పిన మాట కాదని నమ్మకం ఏమిటి? ఆ అనుమానం వారికీ వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న కొందరు ఒప్పుకుని ముందుకు రాగా, వారి పాదానికి ఓర్చుకోగలిగినంత వేడి తగిలించి, మెదడును స్కానింగు యంత్రంలో చూశారు. ఆ యంత్రం పెద్ద అయస్కాంతం. దగ్గరికి ఇనుము రాకూడదు. అందుకని లోహం లేని కళ్లజోడు ప్రత్యేకంగా చేయించారు. ఆ ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. బాధ పుట్టినప్పుడు మెదడులో పనిచేసే అయిదు భాగాల్లోనూ, కళ్లజోడు పెట్టుకుని ఆడుతున్నప్పుడు చురుకుదనం తగ్గింది. అంటే బాధ తగ్గిందని నోరు చెప్పిన మాటకు మెదడు కూడా సాక్ష్యం పలికింది.

దీనికి వారు చెప్పే కారణం పల్లెవారికి కొత్త కాదు. మనిషి ధ్యాస ఒక చెంబెడు నీళ్లు. ఒక చోట పోస్తే మరో చోటికి మిగలవు. భారతం ఆడే రాత్రి తెల్లవార్లూ దుర్యోధనుడి ముందు కూర్చున్నవాడికి, దోమలు కుట్టిన సంగతి ఇంటికి వచ్చి గోక్కునేదాకా తెలియదు. దోమ కుట్టలేదా? కుట్టింది. ఆ కబురు మెదడుకు చేరేసరికి అక్కడ కూర్చునే చోటు లేదు. 1965లోనే రొనాల్డ్ మెల్జాక్, ప్యాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెన్నుపాములో బాధ కబురును లోనికి వదిలే, ఆపే తలుపు వంటి ఏర్పాటు ఉందని, మనసు పై నుంచి ఆ తలుపును కొంత మూయగలదని చెప్పారు. వారు చెప్పినదాంట్లో వివరాలు తర్వాత మారాయి గానీ, బాధ ఒంటిది మాత్రమే కాదు, మనసుకూ అందులో వాటా ఉందన్న మాట నిలిచింది.

కీమో కుర్చీలో

ఇక కేన్సర్ సంగతి. అమెరికాలోనే నార్త్ కరోలినా రాష్ట్రంలో డ్యూక్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ నర్సింగు శాఖలో పనిచేసిన సూసన్ ష్నైడర్ కీమోథెరపీ రోగుల మీద ఏళ్ల తరబడి ఈ పని చేశారు. ఆమె డాక్టరు కాదు, నర్సు. అది గమనించదగిన సంగతి. మందు రాసేది డాక్టరే గానీ, ఆ మందు చుక్క చుక్కగా దిగే గంటల్లో రోగి మొహం చూస్తూ తిరిగేది నర్సు.

2007లో అచ్చయిన ఆమె అధ్యయనంలో రొమ్ము, పెద్ద పేగు, ఊపిరితిత్తుల కేన్సర్ ఉన్న 123 మంది పాల్గొన్నారు. ఒక్కొక్కరు ఒకసారి కళ్లజోడుతో, మరోసారి అది లేకుండా కీమో ఎక్కించుకున్నారు. ఏది చూడాలన్నది రోగి ఇష్టం. సముద్రం అడుగున చేపల మధ్య తిరగవచ్చు, చిత్రాల ప్రదర్శన చూడవచ్చు, టైటానిక్ ఓడలో గుట్టు విప్పే ఆట ఆడవచ్చు. ఫలితం? కళ్లజోడు పెట్టుకున్న రోజున కాలం తొందరగా గడిచినట్టు అనిపించింది. కుర్చీలో కూర్చున్నది నిజంగా ఎంతసేపో, అంతకంటే తక్కువసేపే అయిందనుకున్నారు. నూటికి 82 మంది మళ్లీ ఇస్తే మళ్లీ పెట్టుకుంటామన్నారు. తల తిరుగుడు కూడా రాలేదు.

అయితే అదే అధ్యయనం మరో మాట కూడా చెప్పింది. వాంతులు, నీరసం, దిగులు వంటి బాధల్లో కీమో ముగిసిన వెంటనే గానీ, రెండు రోజుల తర్వాత గానీ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అంతకుముందు ఆమే కొద్దిమంది స్త్రీల మీద చేసిన చిన్న అధ్యయనాల్లో కొంత ఉపశమనం కనిపించింది. ఎక్కువమందితో చూసేసరికి అది నిలబడలేదు. ఆ మాటను ఆమె దాచలేదు. ఇవాళ ఈ కళ్లజోళ్లు అమ్మేవారు తమ కాగితాల మీద మొదటి సగమే అచ్చువేసి రెండో సగం మింగేస్తే, ఆసుపత్రులవారు అడిగి తెలుసుకోవలసింది ఆ రెండో సగమే.

అంటే ఈ కళ్లజోడు కేన్సర్‌ను నయం చేయదు. గడ్డను కరిగించదు. వాంతులు ఆపదు. ఊడిన జుట్టు తెప్పించదు. చేసేది ఒక్కటే, గంటను అరగంట అనిపించేలా చేస్తుంది. ఆ మాత్రానికి ఇంత హడావుడి ఎందుకని అడగవచ్చు.

ఆ అరగంట విలువ తెలియాలంటే పల్లె మనిషి కీమో రోజు ఎలా ఉంటుందో చూడాలి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి మొదటి బస్సు. ఆసుపత్రిలో రక్త పరీక్షకు ఒక వరుస, దాని ఫలితానికి ఒక వరుస, డాక్టరు సంతకానికి ఇంకొకటి. రక్తకణాలు తక్కువున్నాయంటే ఆ రోజుకు మందు లేదు, వచ్చిన దారినే వెనక్కి. మందు ఉంటే, మధ్యాహ్నానికి కుర్చీ దొరుకుతుంది. నరం దొరకడానికి రెండు మూడు పోట్లు. ఆపైన పై నుంచి వేలాడే బాటిలు, దాని కింద చుక్కలు. ఆ చుక్కలు లెక్కపెట్టడం తప్ప మరో పని లేదు. పక్క కుర్చీలో మనిషి వాంతి చేసుకుంటే ఈ మనిషికీ కడుపులో తిప్పుతుంది. తోడు వచ్చిన కొడుకు బిల్లుల కాగితాలు పట్టుకుని మెట్ల మీద ఉంటాడు. ఇది ఒకనాటి ముచ్చట కాదు. రెండు మూడు వారాలకొకసారి, ఆరుసార్లో ఎనిమిదిసార్లో, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ.

మూడోసారికి, నాలుగోసారికి ఒక వింత జరుగుతుంది. కొందరికి మందు ఎక్కక ముందే వాంతి వస్తుంది. ఆసుపత్రి ఫినాయిలు వాసన తగిలినా, బాటిలు కంటబడినా, చివరికి ఆ బస్సు ఎక్కినా కడుపులో దేవుతుంది. ఇది నటన కాదు, పిరికితనం కాదు. ఒకసారి కరిచిన కుక్క వీధి మలుపులో కనిపించగానే కాళ్లు ఆగిపోయినట్టు, ఒళ్లు ముందే నేర్చుకున్న భయం. డాక్టర్లకు ఇది బాగా తెలిసిన లక్షణమే. ఈ భయం ముదిరినప్పుడే "ఇంక నా వల్ల కాదు, ఇంటి దగ్గరే చస్తాను" అన్న మాట వస్తుంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం వంటివి వచ్చాక డబ్బు భారం చాలామందికి కొంత తగ్గింది. ఈ భారాన్ని ఏ పథకమూ లెక్కలో రాసుకోలేదు. నయమయ్యే కేన్సర్‌కు మందు సగంలో మానేయడం కంటే పెద్ద నష్టం మరొకటి లేదు. పంట వేసి, నీళ్లు పెట్టి, గింజ పట్టే వేళకు పొలం వదిలేసినట్టు.

కాబట్టి గంటను అరగంట చేయడం చిన్న పని కాదు. కళ్లజోడు వల్ల మందు మానేసేవారు తగ్గుతారని ఆ డ్యూక్ అధ్యయనం నిరూపించిందని మాత్రం ఎవరూ చెప్పకూడదు. ఆరోసారి కూడా బస్సెక్కే ధైర్యాన్ని కాపాడే ప్రయత్నాల్లో అదొకటి అంటే చాలు.

పిల్లల వార్డులో దీని పని మరికొంత తేటగా కనిపిస్తుంది. రక్త కేన్సర్ వచ్చిన పిల్లలకు చికిత్స ఏళ్ల తరబడి సాగుతుంది. మాటిమాటికి నరం వెతకకుండా రొమ్ము దగ్గర చర్మం కింద చిన్న డబ్బీ అమర్చి, అవసరమైనప్పుడల్లా దానిలోకి సూది దించే పద్ధతి ఒకటుంది. అమెరికాలో 59 మంది కేన్సర్ పిల్లలకు ఆ సూది దించేటప్పుడు ఒక పరీక్ష చేశారు. కొందరికి కళ్లజోడులో అట్లాంటా జంతుప్రదర్శనశాలలోని గొరిల్లాలను చూపారు, కొందరికి అదే బొమ్మను మామూలు తెర మీద చూపారు, కొందరికి ఏమీ చూపలేదు. 2004లో వచ్చిన ఆ ఫలితాల్లో, ఏమీ చూడని పిల్లల కంటే కళ్లజోడు పిల్లల నాడి నెమ్మదిగా కొట్టుకుంది. నాడి అబద్ధం చెప్పదు. వెనక్కి తిరిగి చూస్తే, అవ్వ చూపిన కోతికీ ఆ గొరిల్లాకూ తేడా బొమ్మ సైజులోనే.

కరెంటు భయం

మరో భయం ఉంది. దానికి ఒక మాటే కారణం. రేడియేషన్ చికిత్సను పల్లెల్లో "కరెంటు పెట్టడం" అంటారు. "ఆయమ్మకు పాతిక కరెంట్లు పెట్టినారంట" అన్న మాట వినని ఊరు లేదు. ఆ మాట విన్న మనిషి ట్రాన్స్‌ఫార్మరును తలచుకుంటాడు, తీగ తగిలి చనిపోయిన ఎద్దును తలచుకుంటాడు. నిజానికి అక్కడ ఒంట్లోకి కరెంటు పంపరు. ఎక్స్‌రే తీసినట్టే కిరణాలు పడతాయి, వాటి బలం చాలా ఎక్కువ. పడేటప్పుడు నొప్పి తెలియదు. తర్వాత రోజుల్లో చర్మం కమలడం, నోరు పూయడం వంటి బాధలు ఉంటాయి, అది వేరు.

నోటి కేన్సర్‌కు, గొంతు కేన్సర్‌కు ఈ చికిత్స చేసేటప్పుడు మొహం కదలకూడదు. అందుకని వేడి నీళ్లలో మెత్తబడే ప్లాస్టిక్ జల్లెడను మొహానికి అచ్చుపోసి, దాన్ని బల్లకు బిగిస్తారు. తర్వాత అందరూ బయటికి వెళ్లి తలుపు వేస్తారు. కొద్ది నిమిషాలే. బయట తెర మీద చూస్తూనే ఉంటారు. కానీ లోపల ఉన్నవాడికి ఆ సంగతి ఎవరు చెప్పారు? గుట్కా, పొగాకు అలవాటుతో నోటి పుండు తెచ్చుకున్న మనిషి, జీవితంలో ఒక్కసారీ తలుపు బిగించిన గదిలో పడుకోనివాడు, మొహానికి ముసుగు బిగించి ఒంటరిగా వదిలేస్తే ఏమనుకుంటాడు?

కళ్లజోడుకు ఇక్కడ ఇంకో ఉపయోగం ఉంది, ఇది మొదటిదానికి పూర్తిగా ఎదురు. మొదటిది కళ్ల ముందున్నదాన్ని మరిపించడం. ఇది కళ్ల ముందుకు రాబోయేదాన్ని ముందే చూపించడం. బ్రిటన్‌లో హల్ విశ్వవిద్యాలయంలో రేడియేషన్ గదిని బొమ్మగా చూపే ఏర్పాటు ఒకటి తయారయింది. విద్యార్థులకు పని నేర్పడానికి చేసినదే, తర్వాత రోగులకు కూడా చూపారు. యంత్రం ఎలా తిరుగుతుంది, తల ఎక్కడ పెట్టాలి, తలుపు ఎప్పుడు వేస్తారు, ఎంతసేపు, అన్నీ ముందే తెలుస్తాయి. తెలిసిన చీకటికి భయం సగం. తెలుగులో చెప్పే అయిదు నిమిషాల బొమ్మ ఇటువంటిది ఒకటి ఉంటే, "కరెంటు" అన్న ఒక్క మాట చేస్తున్న కీడు కొంతైనా తగ్గుతుంది.

మందుకే గతి లేదు, కళ్లజోడా?

ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారు. అడగవలసిందే. మన దేశం మందులకోసం ప్రభుత్వ అనుమతితో నల్లమందు పండించే కొద్ది దేశాల్లో ఒకటి. అయినా ఆ నల్లమందు నుంచే వచ్చే మార్ఫిన్ మాత్ర ముదిరిన కేన్సర్‌తో మూలిగే రోగికి అందని ఊళ్లు ఎన్నో. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం కట్టుదిట్టాలకు భయపడి చాలా ఆసుపత్రులు ఆ మందు ఉంచడమే మానుకున్నాయి. 2014లో చట్టాన్ని సవరించి లైసెన్సుల చిక్కు తగ్గించారు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల నొప్పి తగ్గించడానికే ప్రత్యేక విభాగం ఉంది. జిల్లా స్థాయిలో ఆ సదుపాయం వేళ్లూనుకోవాలి. ఎముకకు పాకిన కేన్సర్ నొప్పికి మంచుకొండ బొమ్మ చూపడం వైద్యం కాదు, ఎగతాళి. సియాటిల్‌లో కూడా మార్ఫిన్ మానేసి కళ్లజోడు పెట్టలేదు. మార్ఫిన్ ఇచ్చి, ఆపైన పెట్టారు. ఈ వరుస తప్పకూడదు.

డబ్బు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. 1990లలో ఇటువంటి బొమ్మ నడవాలంటే లక్షల రూపాయల కంప్యూటరు కావలసి వచ్చేది. ఇప్పుడు కళ్లజోడు ఖరీదైన సెల్‌ఫోను ధరకు అటూ ఇటూగా దొరుకుతోంది. 2014లో గూగుల్ కంపెనీ సెల్‌ఫోనును లోపల పెట్టి చూసే అట్టపెట్టెను కూడా తెచ్చింది. ఒక కళ్లజోడు రోజుకు పదిమందికి, ఏళ్ల తరబడి పనికి వస్తుంది. కాబట్టి దీన్ని సాకుగా పెట్టి బిల్లులో కొత్త వరుస చేర్చే పెద్ద ఆసుపత్రి ఏదైనా ఉంటే, రోగి బంధువులు నిలదీయవచ్చు. వార్డులో ఫ్యాను తిరిగినందుకు ఎవరూ విడిగా వసూలు చేయరు. దీనికీ అంతే.

జాగ్రత్తలు కూడా ఉన్నాయి. కీమో రోగికి వ్యాధి నిరోధక శక్తి తక్కువ. ఒకరి మొహం మీద నుంచి తీసినదాన్ని శుభ్రంగా తుడవకుండా మరొకరికి తగిలించడం ప్రమాదం. మూర్ఛలు వచ్చేవారికి, తలలో గడ్డ ఉన్నవారికి డాక్టరును అడగకుండా పెట్టకూడదు. బొమ్మ వేగంగా కదిలితే కొందరికి బస్సులో తిప్పినట్టు తిప్పుతుంది. అప్పటికే కడుపులో దేవుతున్న మనిషికి అది చాలు. ఇష్టం లేదన్నవారిని బలవంతపెట్టరాదు. కొందరు తమ చేతిలోకి ఏ మందు పోతోందో కళ్లారా చూసుకుంటేనే నిబ్బరంగా ఉంటారు. అది వారి హక్కు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి. కళ్లజోడు తగిలించాం గదా అని మనిషిని వదిలేయడం. అవ్వ కోతిని చూపినప్పుడు పిల్లవాడి పాదం ఆమె ఒళ్లోనే ఉంది. సిబ్బంది తక్కువున్న వార్డులో ఈ కళ్లజోడు నర్సుకు బదులుగా నిలబడే రోజు వస్తే, అసలు లేకపోవడమే మేలు. సూది పక్కకు జారి మందు చర్మం కిందికి పోతే, మంట పుట్టగానే రోగి చెప్పాలి. కొన్ని కీమో మందులు అలా జారితే కండను కాల్చేస్తాయి. ఆటలో మునిగిన రోగి ఆ మంటను ఆలస్యంగా గమనిస్తే? అందుకే కళ్లజోడు పెట్టుకున్న రోగి చేతి మీద మరొకరి కన్ను ఉండి తీరాలి.

జిల్లా నుంచి రోగులు వెళ్లే ఆసుపత్రుల్లో ఏదైనా ఈ పని మొదలు పెట్టదలిస్తే, మొదటి కళ్లజోడు పిల్లల వార్డుకు, అదీ సూది దించే బల్ల దగ్గరికి చేరాలి. రెండోది రేడియేషన్ గది బయట వరుసలో కూర్చున్నవారికి, లోపల ఏముందో తెలుగులో చూపడానికి. మూడోది కీమో కుర్చీల దగ్గరికి. ఆ కుర్చీలో ఏ బొమ్మ వేయాలన్నది కంపెనీవారు కాదు, రోగి చెప్పాలి. డ్యూక్‌లో సముద్రం అడుగు చూపారు. ఇక్కడ సముద్రం చూడనివారే ఎక్కువ. నీళ్లు నిండిన చెరువు కట్ట మీద నడవాలని ఒకరు, తిరుమల కొండ మెట్లు ఎక్కాలని మరొకరు అడగవచ్చు. కెమెరా పట్టుకున్న ఒక కుర్రవాడు రెండు రోజుల్లో తీసుకురాగల బొమ్మలవి.